చుక్కి బండ దిగిన రోజు

ఏనుగుబండల గుట్ట మీద మేకపిల్లలకు ఎక్కడం ఎవరూ నేర్పరు. దిగడమే నేర్పాలి.

ఆ వేసవి గుట్ట మీద వాననీళ్ళు నిలిచే దోన ఎండిపోయింది. నీళ్ళు కింద చెలమలోనే ఉన్నాయి. చెలమకు దారి ఒక్కటే, ఏటవాలు బండ. పోయిన ఏడు కాటుక అనే మేక పెద్ద కూతురు ఆ బండ నడుమ పగులు దగ్గర జారింది. కింద నక్క ఉంది. కాటుక ఆ మాట ఎక్కడా ఎత్తదు. చిన్న కూతురు చుక్కిని మాత్రం పొద్దున్నే అక్కడికి తీసుకొచ్చింది.

"ఇవాళ దూకుడు లేదు. ఈ పగులు దాటడం ఒక్కటే పని."

"దూకడం నాకు బాగా వచ్చు కదమ్మా."

"అందుకే వద్దంటున్నా."

చుక్కి దిగింది. పగులు దగ్గరికి రాగానే భయపడి నడుము వెనక్కి వేసింది. ఎడమ ముందుకాలు జారింది. దొర్లి, కింద కాసుకుని ఉన్న తల్లి వీపు మీద పడింది.

"బరువు ముందుకాళ్ళ మీద వెయ్యి. మళ్ళీ."

మళ్ళీ జారింది.

ఎదుటి రాతి నీడలో నక్క జారగిలబడి చూస్తోంది.

"వదినా, పిల్లనెందుకలా రాచి రంపాన పెడతావు? రాని పని నేర్పుతూ కూర్చుంటే వచ్చిన పని పోతుంది. హాయిగా దూకనియ్యి."

"కింద నువ్వుంటావు కదా మరిదీ."

"నేనున్నది పడ్డవాళ్ళను పట్టుకోవడానికే."

"తెలుసు," అంది కాటుక.

మధ్యాహ్నానికి నక్క లెక్క పదకొండుకు వచ్చింది. పదకొండుసార్లూ అదే కాలు, అదే చోటు, దొర్లడం అదే వైపు. 'పుట్టుకతో వచ్చింది పుడకలతో గాని పోదు. ఇంక చూసేదేముంది' అనుకుని పొద కింద పడుకుని నిద్రపోయింది.

పన్నెండోసారి చుక్కి జారలేదు. పదమూడోసారి జారింది. ఆ తర్వాత రెండుసార్లు నిలబడింది. అప్పుడు కాటుక తన వీపు పక్కకు తప్పించింది.

"అమ్మా, పడితే?"

"పడకు."

అంది గాని, కాటుక ఎంతో దూరం జరగలేదు.

పొద్దు వాలింది. కాటుక ముందు దిగి చెలమ దగ్గర నిలబడింది. వెనక్కి చూడలేదు. చూస్తే పిల్ల తన వీపు కోసం వెతుక్కుంటుంది.

నక్క లేచి, బండ పక్క సందులో పొంచింది. చుక్కి ఎడమకాలు పగులు అంచున పడీ పడగానే, పిల్ల దొర్లాల్సిన చోటికి నక్క ఒక్క గెంతు గెంతింది.

చుక్కి దొర్లలేదు. బరువు ముందుకు వేసింది, పగులు దాటింది, తన దారిన తను దిగిపోయింది.

నక్క నున్నటి బండ నడుమ నాలుగు కాళ్ళూ చాపి బల్లిలా అతుక్కుపోయింది.

చుక్కి నీళ్ళు తాగి తలెత్తింది. "బాబాయ్, బరువు ముందుకాళ్ళ మీద వెయ్యి."

"ఎలా వెయ్యాలమ్మా?"

"పొద్దున్నించీ చూశావు కదా."

"చూశానే గాని, చెయ్యలేదు." నక్క కాటుక వైపు తిరిగింది. "వదినా, కాస్త వీపు పట్టవూ?"

కాటుక నీళ్ళు తాగడం ఆపలేదు.

నక్క భయపడి నడుము వెనక్కి వేసింది. బండ కింద ఆ వైపున నాగజెముడు పొద ఉంది.

ఎదుటివాళ్ళు ఎన్నిసార్లు పడ్డారో లెక్కపెట్టేవాడు, పొద్దుగూకేదాకా కూర్చుని లెక్కపెట్టాలి.