తెలియనమ్మ కొండ

పూర్వం ఎర్రమనాయడనే పాలెగాడు, తన ఏకైక పుత్రిక మశూచి నుండి కోలుకున్నందుకు కృతజ్ఞుడై, ఈ కొండమీద వెలసిన అమ్మవారికి ఈ కొండరాతితోనే ఆలయం నిర్మిస్తానని మొక్కుకొని, రాతిపనివారి పెద్ద సుంకన్నను పిలిపించాడు. పగుళ్లు లేని రాయి కొండపై రెండే చోట్ల ఉన్నది. శిఖరాన ఉన్న బండపై ఒక గద్దల జంట గూడు కట్టుకొన్నది. దిగువ బండలోని గుహలో, ముక్కుమీద ఆకు మొలిచినట్టుండే చిన్న గబ్బిలాలు వేలాడేవి. ఆ జాతి గద్దలు గాని, ఆ గబ్బిలాలు గాని ఆ సీమలో మరెక్కడా మిగలలేదని సుంకన్నకు తెలుసు.

"గుడికి ఒక బండ చాలు. ఏది కొట్టాలో నువ్వే చెప్పు. పొద్దుగుంకేలోగా చెప్పకపోతే రెండూ కొట్టిస్తా" అన్నాడు నాయడు.

పాపం, సుంకన్నకు బుర్ర తిరిగిపోయింది. గద్దలు రెండే కదా, వాటినే కాపాడదామనుకుంటే, రెక్కల బలం ఉన్నవి మరో కొండ వెతుక్కుంటాయేమోననిపించింది. గబ్బిలాలు నూటికి పైగా ఉన్నాయిలే అనుకుంటే, అన్నీ ఒక్క గుహలోనే ఉన్నాయి, అది పోతే ఒక్కటీ మిగలదని భయం వేసింది. గద్ద గరుత్మంతుని వంశమంటారు, గబ్బిలం అపశకునమంటారు. మరి ఇన్నేళ్లూ అమ్మవారు రెంటినీ తన దగ్గరే ఎందుకు ఉంచుకున్నట్టు? ఈ ఘట్టంలో పెద్దలు తలో మాట చెబుతారు గాని, నాకూ ఏదీ తేలలేదు.

రాతిని కొట్టేముందు అందులో నివసించే ప్రాణిని పేరుపెట్టి పిలిచి, మన్నించమని సుత్తి ఎత్తడం ఆ పనివారి ఆచారం. ఎత్తిన సుత్తిని దెబ్బ వేయకుండా దించితే, ఆ రాయి వద్దన్నట్టే లెక్క. దాన్ని ఇక వారిలో ఎవ్వరూ ముట్టరు. పొద్దు వాలుతుండగా సుంకన్న శిఖరమెక్కి, గద్దను మన్నించమని వేడి సుత్తి ఎత్తాడు. గూటిలోని పిల్ల మెడ చాచి చూసేసరికి చేయి ఆడక దించేశాడు. గుహకు దిగి మళ్లీ ఎత్తాడు. తల్లుల పొట్టలకు కరుచుకున్న పిల్లలను చూసి మళ్లీ దించేశాడు. తాను చేసిందేమిటో అప్పుడు గాని అతనికి తట్టలేదు. రెండు బండలూ ఇక ఎవరూ ముట్టరానివైపోయాయి.

అమ్మవారి ముందు కాచుకొని ఉన్న నాయడు సంగతి విని కత్తి దూశాడు.

"ఏది పోవాల్నో నాకు తెలీలేదు దొరా. ఇప్పటికీ తెలీదు. తమకు తెలిస్తే తమరే కొట్టండి" అని సుంకన్న సుత్తిని అతని చేతికిచ్చాడు.

నాయడు సుత్తి పట్టుకొని పైకి చూశాడు, కిందికి చూశాడు. చివరికి దాన్ని అమ్మవారి పాదాల చెంత పెట్టి కొండ దిగిపోయాడు.

అందుచేతనే ఈ తల్లికి తెలియనమ్మ అని పేరు. అందుచేతనే ఆమెకు నేటికీ గోడలు లేవు, కప్పు లేదు. ఎటూ తేల్చుకోలేనివారు వచ్చి ఆమె ముందు కాసేపు కూర్చొని వెళతారు. సాయంకాల హారతివేళ, గూటికి చేరే గద్దలూ గుహ వీడే గబ్బిలాలూ ఆమె తలమీదుగానే సాగిపోతాయి. గుడి ఏదని అడిగే కొత్తవారిని పూజారి హారతిదాకా ఆగమంటాడు.