దొర కెమెరా ముందరి అద్దం

కొండలపాలెం జమీందారుకి ఫొటోల పిచ్చి పట్టింది. కెమెరా కంటి మీద దుమ్మూ దెబ్బా పడకూడదని దాని ముందు ఒక అద్దం బిగించాడు. ఆ అద్దాన్ని మాత్రం ఏనాడూ తుడిచిన పాపాన పోలేదు. ఏ ఫొటో చూసినా మసకే. దివాను మాత్రం, "ఆహా, మంచు కురుస్తున్నట్టుంది ప్రభూ!" అనేవాడు. బాగాలేదన్నవాడికి గుర్రపుశాలలో లద్ది ఎత్తే పని పడేది.

ఒకరోజు దొర, చల్ల అమ్ముకునే పైడమ్మ చేతిలో ఆమె ఫొటోనే పెట్టాడు. "ఎలా ఉందే? ఉన్నదున్నట్టు చెప్పు."

పైడమ్మకి గుర్రపుశాల గుర్తొచ్చింది.

"కెమెరాకి దెబ్బ తగలకుండా అద్దం అడ్డు పెట్టారు కదా దొరా, నాకూ ఒక అడ్డు ఇప్పించండి. నా మాట దివానుగారి చెవిలో చెబుతాను, ఆయన మీకు చెబుతారు. దెబ్బ పడితే ఆయన మీదే పడాలి."

దొరకి సరదా పుట్టి సరేనన్నాడు. పైడమ్మ దివాను చెవిలో ఏదో చెప్పింది. ఆయన ముఖం పాలిపోయింది.

"అ... అద్భుతంగా ఉందంటోంది ప్రభూ!"

"నేనన్నది అది కాదు దొరా. ఇందులో నేనెవరో, నా చల్లకుండేదో తెలియట్లేదు, ఆ అద్దం తుడుచుకోమనండి అన్నాను."

దొర అద్దం మీద వేలితో గీశాడు. వేలు నల్లబడింది. ఆ వేలిని చూసి, దివాను వైపు చూశాడు.

పైడమ్మ కుండ నెత్తికెత్తుకుంది. "కెమెరా అద్దానికి పాత గుడ్డముక్క చాలు దొరా. మీకూ మాకూ మధ్యనున్న అద్దం సంగతే చూసుకోండి."

మర్నాటి నుంచి దొరగారి ఫొటోలు తేటపడ్డాయి. దివానుగారి చేతుల మీదుగా గుర్రపుశాల కూడా శుభ్రపడింది.