సగం కొరికిన ఉసిరికాయ

బయన్న బాధ ఒక్కటే. గురువు అన్నీ నేర్పాడు, ఒక్క మాట మాత్రం చెప్పలేదు.

వెదురు ఎప్పుడు నరికితే విల్లు పగలదో చెప్పాడు. చిటికెడు బూడిద వదిలి గాలి ఎటు పోతోందో చూడడం చెప్పాడు. ఎండుటాకుల మీద చప్పుడు కాకుండా కాలు ఎలా మోపాలో, తన పాదం పక్కన బయన్న పాదం పెట్టించి మరీ నేర్పాడు. కానీ "ఎన్ని అంగల దూరం నుంచి కొట్టాల తాతా?" అని అడిగితే మాత్రం ఒకటే జవాబు.

"నేను చెప్పేది కాదురా. అది చెబుతుంది."

అది అంటే ఏది? దుప్పా? దుప్పి ఎక్కడైనా మనిషికి దూరం చెబుతుందా? మీరే చెప్పండి తల్లీ!

ఇది నల్లమలలో చాలాకాలం కిందటి మాట. అప్పటి చెంచులకు అడవిలో ఉన్న చట్టమల్లా గారెల మైసమ్మ చట్టమే. జీవాలన్నీ ఆ తల్లివి. కావలిస్తే అడిగి తీసుకోవాలి. తీసుకునేటప్పుడు దాన్ని ఏడిపించకూడదు. బాణం దెబ్బ తిని జీవం పారిపోతే, కొట్టినవాడు దాని వెంటే పోవాలి. అది దొరికేదాకా వాడికి ముద్ద లేదు, గుక్కెడు నీళ్లు లేవు. దానికి లేనివి వాడికీ లేవు. అంత తెలివైన చట్టం మన ఊళ్లల్లో రాసుకున్నామా అని నాకు అప్పుడప్పుడూ అనిపిస్తుంది.

ఆ గూడెంలో వేటకు పెద్ద తోకల ఈదన్న. డెబ్బై దాటిన మనిషి. ఆయన మైసమ్మ రాయి ముందు నిలబడి "వీడికి విల్లిచ్చాను తల్లీ" అంటేనే ఎవడైనా ఒంటరిగా వేటకు పోవాలి. అనకపోతే గురువు వెనకాల తిరగడమే. బయన్న మూడేళ్లుగా తిరుగుతున్నాడు. పెళ్లయింది, ఇంట్లో ఈరమ్మ ఉంది, ఆమె కడుపుతో ఉంది. ఎనభై అంగల నుంచి తునికి పండుని కొట్టగలడు. అయినా గురువు నోట ఆ మాట రాలేదు.

దానికి తోడు ఇంకో చిత్రం. రెండేళ్లుగా ఈదన్న ఏ జీవం మీదా బాణం వెయ్యలేదు. రోజూ తెల్లారే విల్లు పట్టుకుని పోతాడు, దుంపలనో తేనెనో పట్టుకుని వస్తాడు.

గూడెం ఊరుకుంటుందా?

"ఏం బావా, మీ గురువు విల్లు దేనికి మోస్తున్నాడంట? వీపు గోక్కోనీకా?" అన్నాడు బావమరిది చెన్నుడు, అందరూ మంట చుట్టూ కూర్చున్నప్పుడు. పెద్ద నవ్వు లేచింది. బయన్న ఒక్కడే నవ్వలేదు.

"పొగరు కూడా పెరిగిందిలే ముసలాయనకి. వెనకనించి పిలిస్తే తిరిగి చూడడు" అంది ఒకామె.

ఈదన్న అక్కడే ఉన్నాడు. మంటలోకి చూస్తూ కూర్చున్నాడు. ఆయన కూడా నవ్వలేదు.

ఆ మర్నాడే, మాఘమాసపు తెల్లవారుజామున, గురుశిష్యులిద్దరూ లోయలో ఉసిరి చెట్ల దగ్గర పొద చాటున కూర్చున్నారు. కాయలు రాలి నేలంతా పరుచుకుని ఉన్నాయి. ఉసిరికాయలంటే దుప్పులకు ప్రాణం. కాసేపటికి ఒక మగదుప్పి వచ్చింది. పదిహేను అంగలు, అంతే! పక్క చూపి నిలబడి కాయలు కొరుకుతోంది. ఉసిరికాయ కొరికితే ఎంత చప్పుడవుతుందో మీకు తెలుసు. ఆ నిశ్శబ్దంలో బయన్నకు టక్ టక్‌మని ఒక్కో కొరుకూ వినబడుతోంది.

ఈదన్న విల్లు ఎత్తాడు. నారి సగం లాగాడు. తల ఒక పక్కకు వంచి కళ్లు మూసుకున్నాడు.

బయన్న చూస్తున్నాడు. కళ్లు మూసుకున్న మనిషి ఏం కొడతాడు? ఎంతసేపటికీ బాణం కదలలేదు. దుప్పి కడుపునిండా తిని, తీరుబడిగా తోక ఆడించుకుంటూ పోయింది.

ఈదన్న నారి వదులు చేసి విల్లు దించాడు.

"నిద్ర పట్టిందా తాతా?" అన్నాడు బయన్న. పళ్లు బిగించి అన్నాడు.

ఈదన్న అతని పెదాల వంక చూశాడు.

అక్కడినుంచి గట్టెక్కారు. శిష్యుడు ముందు, గురువు వెనక. ఈ మధ్య ఆయన ఎప్పుడూ అలాగే నడిపిస్తున్నాడు. గట్టు మీదికి రాగానే బయన్నకు అవతలి వాలులో ఇంకో ఉసిరి చెట్టు కింద ఇంకో దుప్పి కనిపించింది. ఆడది. దూరం ఎనభై అంగలు. తునికి పండు దూరం.

మరి కోపంలో ఉన్నాడు. రాత్రి నవ్వులు చెవుల్లో ఉన్నాయి. గురువును అడగలేదు, మైసమ్మనూ అడగలేదు. భుజాన ఉన్న తన విల్లు తీశాడు, లాగాడు, వదిలాడు.

గురి తప్పలేదు. ఆ మాట ఒప్పుకోవాలి. బాణం సరిగ్గా అతను చూసిన చోటికే పోయింది. కానీ తునికి పండు కదలదు. దుప్పికి చెవులున్నాయి. నారి మోగిన చప్పుడుకి తల ఎత్తింది, ఒక్క అడుగు ముందుకు వేసింది. గుండెకు పోవలసిన బాణం కడుపులో దిగింది.

అది అరవలేదు. వంగి, వాలు దిగిపోయింది.

బయన్న పరుగు తీయబోయాడు. ఈదన్న భుజం పట్టి ఆపాడు. ఇద్దరూ నడిచి ఆ చెట్టు కిందికి పోయారు. ఆకు మీద నెత్తురు ముదురు రంగులో ఉంది, అందులో పచ్చటి పసరు కలిసి ఉంది. ఈదన్న వేలితో తీసి వాసన చూశాడు.

"పొట్ట."

పక్కనే ఒక ఉసిరికాయ పడి ఉంది. సగం కొరికినది. పంటిగాట్లు తడిగా మెరుస్తున్నాయి. ఈదన్న దాన్ని తీసి, తుడవకుండా, తలగుడ్డ చెంగులో ముడి వేసుకున్నాడు.

"పోదాం తాతా! దూరం పోతుంది!"

"కూర్చో."

"తాతా..."

"తరిమితే ఇంకా పరిగెడుతుంది. దాని నొప్పి ఇంకా పొడుగవుతుంది. అది పండుకోవాల. అప్పటిదాకా కూర్చో."

కూర్చున్నాడు. ఆ కూర్చోవడం ఉంది చూశారూ, అది పరుగుకన్నా కష్టం. ఎక్కడో ఆ మైసమ్మ బిడ్డ, కడుపులో బాణంతో, పడుకోవడానికి చోటు వెతుక్కుంటూ ఉంటుంది. వీడు ఇక్కడ నీడలో కూర్చున్నాడు. నీడ జరిగింది. ఎండ కాళ్ల మీదికి వచ్చింది, మోకాళ్ల మీదికి వచ్చింది. అప్పుడు ఈదన్న లేచాడు.

ఆకు ఆకు చూసుకుంటూ పోయారు. కొన్నిచోట్ల చుక్క కూడా లేదు. అక్కడ బయన్న నేల మీద పాకి వెతికాడు. ఒకచోట గడ్డి నలిగి ఉంది, పడుకుని లేచింది. ఇంకోచోట పడుకుని లేచింది. నాలుగు చోట్ల అలా లేచింది.

మధ్యలో ఒక సెలయేరు దాటారు. మోకాలి లోతు నీళ్లు, కింద గులకరాళ్లు కనబడుతున్నాయి. బయన్న నాలుక అంగిలికి అంటుకుపోయింది. వంగలేదు. ఈదన్నకు ఆ కట్టుబాటు లేదు, బాణం ఆయనది కాదు. అయినా ఆయనా వంగలేదు. అది చూసి బయన్నకు మొదటిసారి ఏడుపొచ్చింది.

పొద్దు వాలుతుండగా దొరికింది. అదే సెలయేరు మలుపు తిరిగిన చోట, ఒడ్డున. నీళ్లకోసమే వచ్చింది. మూతికీ నీళ్లకీ మధ్య జానెడు దూరం మిగిలింది. ఆ జానెడు జరగలేకపోయింది. బతికే ఉంది. వీళ్లను చూసి లేవబోయి, ముందుకాళ్లు రెండూ మడిచి, మళ్లీ తల వాల్చింది.

బయన్న మోదుగాకు దొప్ప చేసి నీళ్లు ముంచి దాని మూతి దగ్గర పెట్టాడు. నీళ్లు పక్కలనుంచి కారిపోయాయి. కొంచెం నాలుక తడిసిందేమో.

"ఇక ఆలస్యం చెయ్యకురా" అన్నాడు ఈదన్న.

బయన్న దాని కళ్ల మీద అరచెయ్యి కప్పాడు. "తల్లీ మైసమ్మా, నేను అడగలేదు" అన్నాడు. కత్తి ఒక్కసారే దించాడు. చెయ్యి చాలాసేపు అక్కడే ఉంచాడు.

అడవిలో ఏ చప్పుడూ లేదు. ఏరు కూడా ఆ మలుపులో లోతై మెల్లగా పోతోంది.

ఈదన్న తలగుడ్డ ముడి విప్పాడు. సగం కొరికిన ఉసిరికాయ బయన్న చేతిలో పెట్టాడు.

"అది సగంలో వదిలేసింది. మిగతా సగం నువ్వు తిను."

బయన్న కాయ వంక చూశాడు. పంటిగాట్లు ఎండి నల్లబడ్డాయి.

"తాతా, నావల్ల కాదు."

"తిను. ఆపకుండా నములు. మెల్లగా."

చెప్పి, విల్లు తీసుకుని, వెనక్కి నడిచాడు. ఇరవై అంగలు. అక్కడ తిరిగి నిలబడ్డాడు. తల ఒక పక్కకు వంచాడు. కళ్లు మూసుకున్నాడు.

పొద్దున పొద చాటున ఎలా ఉన్నాడో అలాగే.

బయన్న కొరికాడు. టక్‌మంది. నమిలాడు. ఆ నిశ్శబ్దంలో అడవంతా వింటున్నట్టే ఉంది ఆ చప్పుడు.

ఈదన్న ఒక అంగ ముందుకు వేశాడు. ఆగాడు. తల అడ్డంగా ఊపాడు. ఇంకో అంగ. ఇంకోటి. పదిహేను అంగల దగ్గరికి వచ్చాడు. పొద్దున మగదుప్పి నిలబడిన దూరం. అక్కడా తల అడ్డంగానే ఊపాడు.

పది. ఐదు.

బయన్న నములుతూనే ఉన్నాడు. నోరు వగరుతో ముడుచుకుపోతోంది. కళ్లలోంచి నీళ్లు కారి గడ్డం మీదికి వస్తున్నాయి. ముసలాయన చేతికందే దూరానికి వచ్చాడు, అక్కడా ఆగలేదు. మోకాళ్ల మీద కూర్చున్నాడు. ముందుకు వంగి, తన చెవిని శిష్యుడి దవడకు ఆనించాడు.

అలా ఉండి, అప్పుడు కళ్లు తెరిచాడు.

"ఆఁ" అన్నాడు. "ఇప్పుడు చెప్పింది."

బయన్న నమలడం ఆగిపోయింది. గూడెంలో పెట్టిన పేర్లన్నీ, నవ్విన నవ్వులన్నీ, పొద్దున తను అన్న మాటా గుర్తొచ్చాయి. "ఎన్నాళ్లైంది తాతా?" అన్నాడు. అని, ఆ మాట ఆయనకు చేరలేదని తెలిసి, మొహం ఎదురుగా పెట్టి మళ్లీ అడిగాడు.

"రెండేళ్లు. అది నమిలే చప్పుడు వినబడేంత దగ్గరైతేనే కొట్టాల. రోజూ చెవి పెడుతూనే ఉన్నా. ఏ రోజుకైనా వినబడుతుందేమోనని."

ఆయన తన చేతిలోని విల్లు బయన్న ఒళ్లో పెట్టాడు. బయన్న ముట్టుకోలేదు. రెండు చేతులకూ నెత్తురు ఉంది. ఈదన్న ఆ చేతులు పట్టుకుని తనే విల్లు మీద పెట్టాడు.

"నీకు ఇంకా వినబడుతుంది కదరా" అన్నాడు.

తర్వాత ఏటి వైపు చూపించాడు. "పో. ఇక నీళ్లు తాగు."

బయన్న ఒడ్డున దుప్పి తల పక్కనే కూర్చుని, దోసిట్లో నీళ్లు పట్టి, ఒక గుక్క మింగాడు. ఉసిరికాయ నమిలిన నోరు కదా. నీళ్లు తియ్యగా ఉన్నాయి.

రెండో గుక్క తాగలేకపోయాడు.