సింగన్న భుజం మీది తుపాకీ

మోకాలు నేలకు తగలని రాజుగారొకరు ఏలుతున్న రాజ్యం ఒకటి ఉండేదట. దాని పేరు దేవులకోన. రాజుగారి పేరు వీరకేసరి భూపతి. దేవుడి ముందు, కన్నవారి ముందు, పెంచినవారి ముందు తప్ప రాజు ఎక్కడా మోకాలు వంచకూడదని ఆ వంశంలో తాతలనాటి కట్టడి. చిన్నప్పుడే కన్నవారు పోయారు గనుక, వీరకేసరి భూపతి గుళ్లో తప్ప ఇంకెక్కడా వంగినవాడు కాదు.

వేటలో మిగతావాళ్లు మోకాలి మీద కూర్చుని తుపాకీ నిలకడగా పట్టుకునేవారు. రాజుగారికి ఆ వీలు లేదాయె. అందుకని ముసలి సేవకుడు సింగన్న ఆయన ముందు నిలబడేవాడు. రాజుగారు అతని కుడి భుజం మీద తుపాకీ ఆనించి పేల్చేవారు. పసివాడుగా ఉన్నప్పుడు రాజుగారిని ఊరేగింపులు చూపించడానికి ఎత్తుకు తిప్పింది కూడా ఆ భుజమే.

ఆ ఏడు ఆస్థాన శిల్పి భద్రాచారి రాజుగారికోసం ఒక కొత్త తుపాకీ తయారు చేశాడు. గొట్టం సీమ నుంచి తెప్పించాడు. రాజుగారి చేతి పొడవు, మెడ వంపు కొలిచి ఇరుగుడు కర్రతో దానికి పట్టుకునే దిమ్మ చెక్కాడు. తలుపు గడియలా లాగి వేస్తే తూటా లోపలికి పోయే ఏర్పాటు. చూసినవాళ్లు ముక్కు మీద వేలేసుకున్నారు.

తీరా పేలిస్తే, మొదటి గుండు గురి పలక మీది చుక్కకు సూటిగా తగిలింది. రెండోది జానెడు పక్కకు పోయింది. మూడోది పలకనే వదిలేసి వెనకున్న మట్టి గట్టులో దూరింది. పోనీ పాడు తుపాకీ అనుకుందామా అంటే మర్నాడు మొదటి గుండు మళ్లీ చుక్కకే! ఆ తరువాత మళ్లీ చెల్లాచెదురు.

"మరలు వదులయ్యాయి" అన్నారు దివాన్‌గారు. భద్రాచారి మరలన్నీ బిగించాడు. ఫలితం లేదు. "తూటాల్లో మందు సమంగా లేదు" అన్నారు. తూకం వేసి కొత్తవి చేయించారు. అదే వరస. వానలకు కర్ర ఉబ్బి గొట్టాన్ని తోస్తోందేమోనని భద్రాచారే అనుమానపడ్డాడు. గొట్టానికీ కర్రకూ మధ్య కాగితం సులువుగా జారేదాకా చిత్రిక పట్టాడు. అయినా గుండ్లు వాటి ఇష్టం వచ్చిన చోటికే పోయాయి.

"మొదటి దెబ్బకు గొట్టం వేడెక్కి వంకర పోతోంది. ఇప్పుడు తెలిసింది!" అన్నారు దివాన్‌గారు. తడిపిన వట్టివేళ్ల చాప చుట్టి, దెబ్బకూ దెబ్బకూ మధ్య రాజుగారు తాంబూలం వేసుకునేంత సేపు ఆగారు. గొట్టం చల్లబడింది గాని గుండ్లు దారికి రాలేదు.

రాజుగారికి తల కొట్టేసినట్టయింది. దసరా ఆయుధపూజకు పొరుగురాజు వస్తున్నాడు. ఆయన ముందు పేల్చాల్సింది ఈ తుపాకీనే.

"భద్రాచారీ! నీ తుపాకీ నన్ను వెక్కిరిస్తోంది. పూజలోగా నీ కొలిమి ఆర్పేసి నా రాజ్యం దాటిపో!" అని గర్జించారు.

ఆ కొలిమి భద్రాచారి తండ్రి రాజేసింది. దాన్ని ఆర్పడమంటే అతనికి తండ్రిని రెండోసారి పోగొట్టుకోవడమే.

సభలో చిదంబరయ్య అనే హాస్యగాడు ఉండేవాడు. నోరు ఎంత చురుకో చూపు అంత మందం. పది బారల అవతల ఉన్నది ఏనుగో గడ్డివామో తేల్చుకోలేడు. భద్రాచారి ముఖం మాత్రం దగ్గర్లోనే ఉంది గనుక అతనికి స్పష్టంగా కనబడింది. వెంటనే రాజుగారి ముందుకు వచ్చాడు.

"ప్రభూ! ఇంకొక్కసారి పేల్చి చూపించండి. నేనూ చూస్తాను" అన్నాడు.

"నువ్వా! నీకేం కనబడుతుందయ్యా?"

"అందరికీ కనబడేవి అందరూ చూశారుగా. నాకు కనబడేవి కూడా చూడనివ్వండి."

రాజుగారు నవ్వి ఒప్పుకున్నారు. ఆ సాయంత్రం అందరూ పలక వంక చూస్తుంటే చిదంబరయ్య తన చూపు ఆనే చోటు చూశాడు. అంటే సింగన్న కాళ్లు! మొదటి దెబ్బకు ముందు ఆ కాళ్లు నింపాదిగా ఉన్నాయి. రెండో దెబ్బ పేలకముందే కాలివేళ్లు మట్టిని గట్టిగా పట్టేసుకున్నాయి. మూడోసారి మడమలు కూడా లేచాయి. పేల్చడం అయ్యాక వెనక నుంచి "సింగన్నా!" అని పిలిచాడు చిదంబరయ్య. సింగన్న తిరిగి చూడలేదు.

తరువాత ఆయుధశాల అరుగు మీద, సింగన్న ఎడమ చెవి వైపు కూర్చుని నెమ్మదిగా అడిగాడు. ముసలాడు ముందు బుకాయించాడు. ఆ తరువాత కండువా ముఖానికి అడ్డం పెట్టుకున్నాడు.

"పాత తుపాకీకి ఇంత మోత లేదు బాబూ. దీని మొదటి దెబ్బకే సెవిలో సూది దింపినట్టుంటాది. రెండోది వత్తాదంటే ఒళ్లు నా మాట యినదు. ఎంత బిగబట్టినా అదిరిపోతాది."

"మరి చెప్పలేదేం? అవతల భద్రాచారి కొలిమి ఆరిపోతోందే!"

"సెబుదామనే రోజూ లెగుత్తాను. సెప్పలేకపోతన్నాను. ఇన్నేళ్లూ ఆ బాబు బరువు మోసిన బుజం ఇది. ఇది పనికిరాదంటే ఇంక నేనేటి పనికొత్తాను? తమరు సెప్పకండి బాబూ, మీ కాళ్లు పట్టుకుంటాను."

చిదంబరయ్య గుండె నీరైపోయింది. ఇటు చూస్తే కొలిమి, అటు చూస్తే ఈ ముసలి ప్రాణం. "నా నోటితో చెప్పనులే" అని మాటిచ్చాడు. ఆ రాత్రి అతనికి కంటి మీద కునుకు లేదు.

మర్నాడు సభలో లేచి నిలబడ్డాడు.

"ప్రభూ! తుపాకీ జబ్బు తెలిసింది. రాజుగారి తుపాకీని సేవకుడి భుజం మీద పెట్టడం దానికి చిన్నతనంగా ఉంది. ఈ రాజ్యంలో బెదరని భుజం, అదరని భుజం ఏదుందో దాని మీద పెడితే బుద్ధిగా పేలుతుంది. అలాంటి భుజం ఎవరిదో దివాన్‌గారే సెలవియ్యాలి."

దివాన్‌గారు క్షణం ఆలోచించలేదు. "ఇంకెవరిది? రాజ్యభారం మోసే ప్రభువులవారిదే!"

రాజుగారు మీసం మెలేశారు. అంతలోనే అనుమానం వచ్చింది. "నా భుజం మీద పెట్టి పేల్చేదెవడు?"

"భద్రాచారే ప్రభూ. గురి తప్పితే తన తుపాకీ తప్పు తన చేత్తోనే రుజువవుతుంది. అయినా బెదురుగా ఉంటే వద్దులెండి."

"బెదురా! నాకా!" అంటూ రాజుగారు సింహాసనం దిగారు.

అందరూ, వారి వెనకే సింగన్న కూడా, మైదానానికి నడిచారు. రాజుగారు ఛాతీ విరుచుకుని నిలబడ్డారు. భద్రాచారి ఆయన కుడి భుజం మీద పట్టుబట్ట పరిచి తుపాకీ ఆనించాడు. తూటాలు అందించే పని చిదంబరయ్య తీసుకున్నాడు.

మొదటి తూటా పేలింది. చుక్కకు సూటిగా తగిలింది. సభికులు చప్పట్లు కొట్టారు. రాజుగారికి ఆ చప్పట్లు వినబడలేదు. చెవిలో వెయ్యి కీచురాళ్లు ఒక్కసారి అరుస్తున్నాయి. అయినా మీసం మాత్రం దించలేదు.

చిదంబరయ్య రెండో తూటా అందించాడు. భద్రాచారి గడియ వేసి గురి చూశాడు. వెనక గడియ చప్పుడు అందేసరికి రాజుగారి మెడ భుజాల్లోకి దిగిపోయింది. కళ్లు గట్టిగా మూసుకున్నారు. మీట మీద వేలు బిగిసేసరికి భుజం ఎగిరిపడింది, దాంతోపాటు తుపాకీ మూతి ఆకాశం చూసింది.

కాని ఎక్కడా మోత లేదు. 'టిక్కు'మన్న చిన్న చప్పుడు, అంతే.

రాజుగారు ఒక కన్ను తెరిచారు, తరువాత రెండోదీ తెరిచారు. సభికులంతా తమ చెప్పుల వంక చూసుకుంటున్నారు.

"క్షమించాలి ప్రభూ" అన్నాడు చిదంబరయ్య వినయంగా, ఆయన ఎడమ చెవి దగ్గరికి వచ్చి. "పొరపాటున మందు లేని తూటా అందించాను. తుపాకీ పేలలేదు, గొట్టం వేడెక్కలేదు, మరలు కదలలేదు. కాని నా మసక చూపుకు ఏదో కదిలినట్టనిపించింది. ఏమిటది?"

రాజుగారు కుడి చెవి రుద్దుకున్నారు. తరువాత సింగన్న వంక చూశారు. ఇన్నాళ్లూ ఆ భుజం వెనక నుంచి పలకను చూశారే గాని, ఆ మనిషి ముఖం చూసింది లేదు. ఇప్పుడు చూస్తే ఆ ముఖం ఎంతో ముసలిదైపోయి ఉంది.

"సింగన్నా!" అని పిలిచారు. వినబడలేదు. ఇంకా గట్టిగా పిలిచారు.

పిలుపు అందేసరికి ముసలాడు హడలిపోయి అక్కడే నేల మీద కూలబడ్డాడు. "తప్పు నాదే బాబూ! ఆచారిగోర్ని పంపీకండి. నా బుజమే పాడైపోనాది" అని వలవలా ఏడ్చాడు.

రాజుగారు నాలుగంగల్లో వచ్చి, అందరూ చూస్తుండగా, మట్టిలో మోకాలు ఆనించి అతని ఎడమ చెవిలో అన్నారు: "నొప్పి నీదైతే తప్పు నీదెలా అవుతుంది సింగన్నా? ఒక్క మాట చెప్పకూడదూ!"

దివాన్‌గారు మాత్రం గుండెలు బాదుకున్నారు. "ప్రభూ! మోకాలు! వంశాచారం!"

"ఆచారం ఎక్కడ తప్పింది దివాన్‌గారూ?" అన్నాడు చిదంబరయ్య. "పెంచినవారి ముందు వంచవచ్చని కట్టడిలోనే ఉందిగా."

రాజుగారు తలెత్తి చూశారు. కళ్లు తుడుచుకుంటూనే పగలబడి నవ్వారు. ఏమీ వినబడకపోయినా, బాబు నవ్వుతున్నాడని సింగన్నా నవ్వాడు.

"నా భుజం చేతే అసలు సంగతి చెప్పించావు కదయ్యా! నీకు సీమ నుంచి మేలైన కళ్లజోడు తెప్పిస్తాను" అన్నారు రాజుగారు.

"వద్దు ప్రభూ! దూరం కనబడితే నేనూ అందరిలాగా పలకనే చూస్తాను."

రాజుగారు మరింత నవ్వి, మెడలోని ముత్యాలహారం తీసి అతని మెడలో వేశారు. భద్రాచారి కొలిమి అక్కడే, ఆరకుండా నిలిచింది. ఆ కొలిమిలోనే తుపాకీ ఆనించడానికి ఇనుప కాళ్ల భుజమెత్తు ముక్కాలిపీట తయారైంది.

దసరాకు పొరుగురాజు ముందు వీరకేసరి భూపతి ఆ తుపాకీ పేల్చారు. అన్నీ చుక్కకే తగిలాయి గాని, ఒక్కటి మాత్రం కాస్త పక్కకు పోయింది. "ఇది మాత్రం అచ్చంగా నాదే!" అని ఆయనే నవ్వేశారు. సింగన్న ఆయన పక్కనే, మెత్తని పరుపు మీద కూర్చుని చూస్తున్నాడు. గడియ వేసేముందు ప్రతిసారీ రాజుగారు వంగి, అతని చెవిలోని దూది సరిగా ఉందో లేదో తన చేత్తో సర్దేవారట.