నాలుగు పగళ్ళు, ఇరవైనాలుగు జేనలు

అనగనగా నీలగుండం అనే రాజ్యం, ఆ రాజ్యానికో రాజు, ఆ రాజుకి ముగ్గురు కొడుకులు. పెద్దవాడు రణకేతు కత్తి తిప్పితే గాలి రెండుగా తెగేది. నడిపివాడు జయకేతు గుర్రమెక్కితే దుమ్ము కూడా వెనకబడేది. చిన్నవాడు సోమకేతుకి మాత్రం అన్నీ నిదానమే. అన్నం నిదానంగా తినేవాడు, మాట నిదానంగా ఆడేవాడు. ఎవరేం అడిగినా, "ఉండండి, ఆలోచించుకోనివ్వండి," అనేవాడు. అందుకని కోటలో వాడికి నత్తబాబు అని పేరు పెట్టారు. వాడు కోపగించుకునేవాడు కాదు, నవ్వేసేవాడు.

ఒకనాడు తెల్లవారి చూస్తే రాజ్యంలో పనిచేసే మనిషి ఒక్కడు లేడు! కుమ్మరి లేడు, కమ్మరి లేడు, మగ్గం నేసేవాడు లేడు, బావులు తవ్వేవాళ్ళు లేరు. కుమ్మరి సారె ఉన్నచోటే ఉంది, తిప్పే చెయ్యి లేదు. రాణిగారి బిందెకు చిల్లు పడితే మాటు వేసే దిక్కు లేదు. రాజుగారు మంత్రిని పిలిచి, "పొయ్యి వెలిగించడం ఎట్లాగయ్యా?" అన్నాడు. మంత్రి తల గోక్కుని, "తమరికే తెలుసేమో అనుకున్నాను ప్రభూ," అన్నాడు. ఆ పూట సభ సభంతా నానబెట్టిన పెసలు తిని పడుకుంది.

మర్నాడు ఒక కాకి వచ్చి రాజుగారి ఒళ్ళో తాటాకు పడేసింది. అందులో ఇలా ఉంది: "నేను ఏడు సముద్రాల అవతల ఉండే మాంత్రికుణ్ణి, ధూమకంఠుణ్ణి. కోట కట్టుకోవడానికి మీ పనివాళ్ళను సుడిగాలిలో తెచ్చుకున్నాను. కావాలంటే వచ్చి నా మూడు లెక్కలకు జవాబులు చెప్పి తీసుకుపోండి. తప్పు చెప్పినవాడు అక్కడికక్కడే రాయి అవుతాడు."

పెద్దవాడు ఓడెక్కి వెళ్ళాడు. నెల గడిచింది. రాలేదు. నడిపివాడు మరో ఓడెక్కి వెళ్ళాడు. ఇంకో నెల గడిచింది. రాలేదు.

"నాన్నగారూ, నేను వెళతాను," అన్నాడు చిన్నవాడు.

"మిగిలింది నువ్వొక్కడివేరా నాయనా," అని రాజుగారు కళ్ళనీళ్ళు పెట్టుకున్నాడు.

"అన్నలు లేకుండా ముద్ద దిగడం లేదు నాన్నగారూ. ఇద్దర్నీ తీసుకునే వస్తాను," అని చెప్పి గుర్రమెక్కి బయలుదేరాడు.

పోగా పోగా అడవి వచ్చింది. దారికి అడ్డంగా చీమలబారు. వేరేవాళ్ళయితే తొక్కుకుంటూ పోయేవాళ్ళు. సోమకేతుకి తొందరెక్కడిది? గుర్రం దిగి, బారు సాగిపోయేదాకా కూర్చున్నాడు. చీమలు ఒక కొర్రల కుప్పను మోస్తున్నాయి.

"ఇంత కుప్ప ఎన్నాళ్ళకు మోస్తారమ్మా?" అని అడిగాడు.

చీమల పెద్దమ్మ ఆగి, "రోజులు మాకు తెలియవు నాయనా. రోజుకెంత మోస్తామో తెలుసు. కుప్పలో నాలుగో వంతు," అంది.

"అయితే నాలుగు రోజులు."

"మరి పక్కపుట్టవాళ్ళు సాయమొచ్చారనుకో. వాళ్ళు ఒంటరిగా మోసినా నాలుగు రోజులే."

"నాలుగూ నాలుగూ ఎని..." అనబోయి సోమకేతు నాలుక కరుచుకున్నాడు. "ఉండండి, ఆలోచించుకోనివ్వండి. సాయం వస్తే పని తొందరగా అవ్వాలి గాని ఆలస్యమవుతుందా? మీరొక నాలుగో వంతు, వాళ్ళొక నాలుగో వంతు. రోజుకు సగం కుప్ప. అంటే రెండు రోజులు!"

"అంతే నాయనా. రోజుల్ని రోజులతో కలపకు. ఒక రోజు పనిని ఒక రోజు పనితో కలుపు. మమ్మల్ని తొక్కకుండా ఆగావు, నీతో మేమూ వస్తాం," అని చీమలు అతని చేతిలోని వెదురుబొంగులోకి ఎక్కాయి.

ఇంకొంత దూరం పోతే పాడుబడ్డ గోతిలో పందికొక్కులు పడి ఎక్కలేక కీచుమంటున్నాయి. సోమకేతు తలపాగా విప్పి లోపలికి వేలాడదీశాడు. వాటి పెద్ద పైకొచ్చి మీసం దులుపుకుని, "తవ్వే పనేదన్నా ఉంటే చెప్పు బాబూ, మా ఇంటిల్లిపాదీ వస్తాం," అంది. వాటిని బుట్టలో పెట్టుకున్నాడు.

సముద్రం ఒడ్డుకు వచ్చేసరికి ఏనుగంత కొంగ ఒంటికాలి మీద నిలబడి ఏడుస్తోంది. రెండో కాలి నిండా తుమ్మముళ్ళు. సోమకేతు కూర్చుని ఒక్కో ముల్లూ తీశాడు. అన్నీ తీసేసరికి పొద్దు వాలింది.

"ఓపికంటే నీదేరా అబ్బాయ్! ఎక్కడికి పోవాలి? ఎక్కు," అంది కొంగమ్మ.

ఒక సముద్రం దాటింది, రెండు దాటింది, మూడు దాటింది, ఏడూ దాటింది. మాంత్రికుడి దీవిలో దించింది.

దీవి నిండా పనివాళ్ళు. ఇటుకలు మోసేవాళ్ళు మోస్తూనే ఉన్నారు, సున్నం కలిపేవాళ్ళు కలుపుతూనే ఉన్నారు. ఎత్తయిన అరుగు మీద ధూమకంఠుడు. మాట్లాడితే నోట్లోంచి పొగ వచ్చేది. వాడి పక్కన విసనకర్ర పట్టుకుని ఒక అమ్మాయి. పేరు పున్నాగవల్లి. నీలగుండంలో తవ్వకం మేస్త్రి కూతురే. అరుగు కింద రెండు రాళ్ళు. అన్నలే! జవాబు చెబుతూ చెబుతూ నోళ్ళు తెరుచుకునే రాళ్ళయిపోయారు.

"మూడోవాడివా? రా రా!" అని మాంత్రికుడు పొగలు కక్కుతూ నవ్వాడు. "మొదటి లెక్క. ఒక కందకం. ఒకడు ఒంటరిగా తవ్వితే ఆరు రోజులు. ఇంకొకడు ఒంటరిగా తవ్వితే పన్నెండు రోజులు. ఇద్దరూ కలిసి తవ్వితే? మీ పెద్దన్న రెండూ కూడి పద్దెనిమిది అన్నాడు. మీ నడిపన్న అందులో సగం తీసి తొమ్మిది అన్నాడు. నువ్వేమంటావు?"

"ఉండండి, ఆలోచించుకోనివ్వండి," అన్నాడు సోమకేతు. మొదటివాడు ఒక్కడే ఆరు రోజుల్లో ముగిస్తుంటే, జత కలిశాక తొమ్మిదెందుకవుతుంది? ఆరు కంటే తక్కువే కావాలి. కందకం పొడవెంతో చెప్పలేదు. మనమే పన్నెండు బారలు అనుకుందాం, ఆరుకీ పన్నెండుకీ సమంగా తెగుతుంది. మొదటివాడు రోజుకు రెండు బారలు. రెండోవాడు రోజుకు ఒక బార. ఇద్దరూ కలిస్తే మూడు.

"నాలుగు రోజులు," అన్నాడు.

ధూమకంఠుడి నవ్వు ఆగిపోయింది. పున్నాగవల్లి విసనకర్ర చాటున నవ్వు బిగబట్టుకుంది.

"రెండో లెక్క! ఒక తొట్టి. కాలవ వదిలితే పది ఘడియల్లో నిండుతుంది. అడుగున చిల్లు ఉంది, నిండు తొట్టి దాంట్లోంచి పదిహేను ఘడియల్లో ఖాళీ అవుతుంది. కాలవా వదిలి, చిల్లూ వదిలేస్తే నిండేదెప్పుడు?"

"తొట్టికి ముప్పై కుండల నీళ్ళు పడతాయనుకుంటాను," అన్నాడు సోమకేతు నిదానంగా. "ఘడియకు మూడు కుండలు వస్తాయి, రెండు పోతాయి. నిలిచేది ఒక్క కుండ. ముప్పై ఘడియలు పడుతుంది. చిల్లు పూడ్చుకుంటే మంచిది స్వామీ."

మాంత్రికుడు పళ్ళు కొరికాడు. అంతలో వాడికి ఆవులింత వచ్చింది. "నాకు నిద్ర వేళయింది. రేపు పొద్దున పడుకుంటే నాలుగో రోజు పొద్దు గూకేవేళకు లేస్తాను. మూడో లెక్క అప్పుడు అడుగుతా. ఏయ్ పిల్లా, విసరడం ఆపితే నాకు మెలకువ వస్తుంది, జాగ్రత్త!"

మర్నాడు సూర్యోదయానికి వాడు పడుకోవడం, పనివాళ్ళంతా ఎక్కడివాళ్ళక్కడ బొమ్మల్లా నిలిచిపోవడం ఒక్కసారే జరిగాయి. పున్నాగవల్లి ఒక్కతే కదులుతోంది.

"దొరా, మూడో లెక్కకు జవాబే లేదు," అంది విసురుతూనే. "మీరేం చెప్పినా వాడు తప్పంటాడు. మీరూ రాయే. అదిగో ఆ మట్టిగోడ చూశారా? ఇరవైనాలుగు జేనల మందం. దాని లోపల నూరేళ్ళుగా ఒక చిలక. వాడి ప్రాణం దానిలోనే ఉంది. వాడు లేచేలోగా గోడకు కన్నం పడితే సరే. సగంలో ఉండగా లేచాడా, మనమెవరమూ మిగలం. లెక్క చూసుకుని మొదలుపెట్టండి."

పందికొక్కుల పెద్ద గోడను వాసన చూసి, "మేమే తవ్వితే ఎనిమిది రోజులు," అంది. చీమల పెద్దమ్మ, "మేమే తొలిస్తే ఇరవైనాలుగు రోజులు నాయనా," అంది.

సోమకేతు వేళ్ళు మడిచాడు. పందికొక్కులు రోజుకు మూడు జేనలు. చీమలు ఒక జేన. మొత్తం నాలుగు. ఇరవైనాలుగు జేనలకు ఆరు రోజులు. ఉన్నవి నాలుగే. రాళ్ళయి ఉన్న అన్నల వైపు చూసి తల దించుకున్నాడు. "కుదరదు పున్నాగవల్లీ. అందర్నీ లెక్కపెట్టాను."

"అందర్నీనా?" అంది ఆమె. "ఒక మనిషి తగ్గాడే!"

"ఎవరు?"

"ఇక్కడ నిలబడి లెక్క చెబుతున్నాడే, ఆయన! మీ వంశంలో ఎవరికీ తమను తాము పనివాళ్ళలో వేసుకునే అలవాటు లేనట్టుందే. ఆ మూల గునపం ఉంది, పట్టుకోండి."

సోమకేతు ముఖం ఎర్రబడింది. గునపం అందుకున్నాడు. ఆమె ఒక ఘడియ సేపు తవ్వించి చూసి, మేస్త్రి కూతురు కదా, కంటితోనే కొలిచేసింది. "మీకు రోజుకు రెండు జేనలు పడుతుంది. ఇప్పుడు వేసుకోండి."

మూడూ, ఒకటీ, రెండూ ఆరు. ఇరవైనాలుగుకి సరిగ్గా నాలుగు రోజులు!

ఇక చూడండి! పందికొక్కులు గీకుతున్నాయి, చీమలు తొలుస్తున్నాయి, రాకుమారుడు పొడుస్తున్నాడు. మొదటి పగలు ఆరు జేనలు. అరచేతులు బొబ్బలెక్కాయి. రెండో పగలు ఆరు జేనలు. బొబ్బలు చితికాయి. "మామా, ఎట్లా ఓర్చుకుంటారు దీన్ని?" అన్నాడు. పందికొక్కు నవ్వి, "ఓర్చుకోవడమేంటి బాబూ, మాకిదే బతుకు!" అంది.

మూడో పొద్దున గోడ నడిమిలోంచి ఊట మొదలైంది. బురదలో చీమల కాళ్ళు కూరుకుపోతున్నాయి. "మా వల్ల కాదు నాయనా," అని చీమల పెద్దమ్మ ఏడ్చింది.

"మీరు చెయ్యగలిగినంతా చేశారమ్మా, ఒడ్డున కూర్చోండి," అన్నాడు సోమకేతు. మళ్ళీ వేళ్ళు మడిచాడు. పన్నెండు జేనలు మిగిలాయి. రెండు పగళ్ళు ఉన్నాయి. పందికొక్కులు మూడు, తను రెండు, రోజుకు అయిదు. రెండు రోజులకు పది. రెండు జేనలు తక్కువ!

"ఆ తక్కువ నేను పూడుస్తాను," అంది పున్నాగవల్లి. "నేనూ రోజుకు రెండు జేనలు తవ్వగలను. కానీ ఈ విసనకర్ర?"

"రెక్క దేనికుంది నాకు?" అని కొంగమ్మ ముందుకొచ్చింది. "అయితే పిల్లా, ముసలిదాన్ని. రోజుకు ఒక పూటే విసరగలను."

"ఒక పూటంటే ఒక జేన," అంది పున్నాగవల్లి.

"రెండు రోజులకు రెండు జేనలు. చాలు!" అన్నాడు సోమకేతు.

ఆమె కొంగు బిగించి ఇంకో గునపం పట్టింది. ఆమె పొడిస్తే మట్టి పెళ్ళలు పెళ్ళలుగా ఊడింది. "అట్లా కాదు దొరా, నడుం వంచి. భుజంతో కాదు," అని నేర్పింది. మూడో పగలు ఆరు జేనలు. నాలుగో పగలు అయిదు జేనలు, అయిదున్నర. సూర్యుడు సముద్రాన్ని తాకుతుండగా ఆఖరి మట్టిపెళ్ళ ఊడింది. లోపల ఇత్తడి పంజరం. అందులో నోరు గట్టిగా మూసుకున్న చిలక.

వెనక నుంచి కేక. "ఎవడ్రా అది!" ధూమకంఠుడు లేచాడు!

"గొంతు నులిమెయ్యి బాబూ!" అంది పందికొక్కు.

సోమకేతు పంజరం తెరిచాడు, చెయ్యి పెట్టాడు. వణుకుతున్న చిలకను చూసి ఆగాడు. నూరేళ్ళుగా చీకట్లో ఉన్న ప్రాణి. దీని తప్పేముంది?

"దొరా, దాని నాలుక కింద ఏదో ఉంది. అందుకే నోరు తెరవదు," అని పున్నాగవల్లి కొంగున కట్టుకున్న దోరజామకాయ తీసి కొరికి, సగం దాని ముందు పెట్టింది. చిలక జామకాయ వంక చూసింది.

"వద్దే! నోరు తెరవకే! తల్లీ, బంగారూ, వద్దే!" అని మాంత్రికుడు పరిగెత్తుకొస్తున్నాడు.

నూరేళ్ళుగా ఎవరూ దానికి ఒక పండైనా పెట్టలేదు. చిలక నోరు తెరిచింది. నాలుక కిందున్న నీలిపూస జారి గునపం మొన మీద పడి టప్పుమని పగిలింది. ధూమకంఠుడు పరిగెత్తుతూ పరిగెత్తుతూనే పొగై గాలిలో కలిసిపోయాడు.

చిలక జామకాయ కొరికి, నూరేళ్ళ తర్వాత మొట్టమొదటి మాట మాట్లాడింది: "ఉప్పు లేదా?"

రాళ్ళు కదిలాయి. "...పద్దెనిమిది రోజులు!" అన్నాడు పెద్దవాడు. "...తొమ్మిది!" అన్నాడు నడిపివాడు. సోమకేతు బురద చేతులతోనే ఇద్దర్నీ కావలించుకుని ఏడ్చేశాడు. పనివాళ్ళంతా కళ్ళు నులుముకుంటూ పిల్లాపాపల పేర్లు పెట్టి పిలుచుకున్నారు.

ఇంతమంది ఇళ్ళకు చేరాలంటే అన్నల ఓడలు రెండూ చాలవు, ఇంకా ఓడలు కట్టాలి. వడ్రంగులు ఇంతమంది, రోజుకు ఇన్ని పలకలు అని సోమకేతు లెక్క వేస్తుంటే, అన్నలిద్దరూ పంచెలు ఎగ్గట్టుకుని వచ్చి నిలబడ్డారు. "మమ్మల్నీ వెయ్యరా తమ్ముడూ," అన్నారు. పెద్దవాడు మేకు కొట్టడం రాక వేలు కొట్టుకున్నాడు. అయినా మానలేదు. అనుకున్న రోజుకంటే ఒక రోజు ముందే తెరచాపలు లేచాయి.

నీలగుండం చేరాక రాజుగారు సంతోషం పట్టలేక, మేస్త్రిని సభకు పిలిపించి, "మీ అమ్మాయిని మా చిన్నవాడికి చేసుకుంటామయ్యా," అన్నాడు. సభ అంతా మేస్త్రి కాళ్ళ మీద పడతాడనే అనుకుంది. ఆయన కదల్లేదు.

"తమరు పెద్దవారు ప్రభూ. కానీ పని తెలియని ఇంటికి పిల్లనెట్లా ఇస్తాను?" అన్నాడు. సోమకేతు దగ్గరికొచ్చి, వాడి చెయ్యి పట్టుకుని వెల్లకిలా తిప్పి, బొటనవేలితో అరచేతిని నొక్కి చూశాడు. "ఊఁ, బొబ్బలు ఇంకా పచ్చిగానే ఉన్నాయి," అన్నాడు. "పెళ్ళినాటికి గట్టిపడతాయిలే. ముహూర్తం పెట్టించండి."

పెళ్ళి జరిగింది. కొంగమ్మ వచ్చి పందిరి మీద రెక్క పరిచింది, చీమలకు చక్కెర, పందికొక్కులకు గంపెడు చిలగడదుంపలు, చిలకకు ఉప్పు రాసిన జామకాయలు. సోమకేతూ పున్నాగవల్లీ నీలగుండాన్ని అరవై ఏళ్ళు ఏలారు. వాళ్ళు తవ్వించిన చెరువులు నిండాయి, వాటి కింద గాదెలు నిండాయి, ఇక్కడికి నా కథా నిండింది.