దివాను గారి డక్కు

కామోజీ పంతులు ఒక చిన్న సంస్థానానికి దివాను. తనకు ఇంగ్లీషు ధారాళంగా వచ్చని ఆయనే చెప్పేవాడు. అందుకని ఎవరూ సందేహించలేదు.

ఒకసారి భూములు కొలిచే దొర వచ్చి ఊరి బయట డేరా వేశాడు. చిరిగిన డేరా గుడ్డ చూపించి, ఆ ముతక గుడ్డ కావాలని దాని పేరు చెబుతూ "డక్" అన్నాడు. డక్ అంటే బాతని దివానుకు తెలుసు. బాతులు మేపుకునే పోలన్న దగ్గర రెండు బాతులు పట్టించి పంపాడు. దొర తెల్లబోయాడు. మర్నాడు బంతాటలో సున్నాకే అవుటై "డక్" అని తల పట్టుకున్నాడు. ఇంకో రెండు వెళ్లాయి.

"బాబయ్యా, ఇక ఒక్క జతే ఉంది. అదీ పోతే మేమేం తినాలి?" అన్నాడు పోలన్న.

"దొర ఆకలి ముందు నీ ఆకలేమిట్రా? పద, ఆయనకే చెప్పుకో!"

డేరా గుమ్మానికి అడ్డంగా వెదురుబొంగు బాగా కిందికి ఉంది. వీళ్లు రావడం చూసి దొర తల వంచమని చెయ్యి కిందికి ఊపుతూ "డక్!" అని అరిచాడు. పోలన్న ఆ చేతిని చూసి వంగాడు. దివాను మాత్రం "విన్నావా? తే బాతుల్ని!" అంటూ బొంగుకు ఠప్పున కొట్టుకున్నాడు.

"చూడండి దొరా, బాతులడిగితే వంగుతాడు! వీడికి ఇంగ్లీషు రాదు" అన్నాడు నుదురు రుద్దుకుంటూ.

"నిజమే, నాకు రాదు బాబయ్యా," అన్నాడు పోలన్న. "మరి దొర మాట ఎవరికి అర్థమైందో, మన ఇద్దరి నుదుళ్లూ చూసి దొరనే చెప్పమనండి."

ఆ మాటకు దుబాసీ అవసరం పడలేదు. బొప్పి చూసి దొర పగలబడి నవ్వి, నాలుగు బాతుల్నీ పోలన్నకు తిరిగిచ్చేశాడు.