ముంతలో దయ

తెల్లారేసరికి మళ్ళీ మొక్కలు పడి ఉన్నాయి. జానెడైనా ఎదగని మక్కజొన్న మొక్కలు. ఎవరో కొడవలి పెట్టి కోసినట్టు మొదలంటా తెగి, సాళ్ళలో వాడిపోతున్నాయి.

విరూపాక్షం వంగి, తెగిన మొక్క పక్కన మన్ను వేళ్ళతో గీకాడు. అనుకున్నట్టే చుట్టచుట్టుకుని పడుకుని ఉంది దొంగ. మట్టిరంగు పురుగు. చీకటి పడితే బయటికొచ్చి లేత మొదళ్ళు కొరుకుతుంది. పగలంతా మన్నులో హాయిగా నిద్రపోతుంది.

అలాంటి పురుగు చేతికి దొరికితే ఎవరమైనా ఏం చేస్తాం? నలిపి పారేస్తాం. విరూపాక్షం మాత్రం దాన్ని రెండు వేళ్ళతో, నిద్రపోయే పసిపాపను ఎత్తినంత మెల్లగా ఎత్తాడు. భుజం మీది మట్టిముంత దించి అందులో వేశాడు. ముంతలో దాని కోసం పచ్చి ఆకు కూడా పరిచి ఉంది సుమండీ!

మెతుకుసీమలో ఒక వాగు ఒడ్డున ఉండేది నింబయ్య సామి మఠం. విరూపాక్షం ఆయన శిష్యుడు. మఠానికి ఆస్తి అంటూ ఉంటే ఆ ఒక్క చేనే. కార్తీక పున్నమి జాతరకు వచ్చే జనానికి పెట్టే గట్క ఆ చేని మక్కలు విసిరి వండాల్సిందే. ఆ గడప తొక్కినవాడు ఖాళీ కడుపుతో తిరిగి వెళ్ళిన రోజు లేదు. మఠం తల ఎత్తుకు నిలబడిందంటే ఆ ఒక్క మాట మీదే.

"ఈ పంట ఇంటికి తే బిడ్డా. పున్నమినాడు దీక్ష ఇస్త," అన్నాడు సామి, విత్తనాలు చేతికిస్తూ.

విరూపాక్షానికి లోలోపల నవ్వొచ్చింది. దీక్షకు తనకంటే తగినవాడెవడు? పట్నంలో కొట్టువాడు పురుగుమందు గురించి చెప్పబోతే చెవులు మూసుకుని వచ్చేశాడు. అంతటితో ఆగాడా? పురుగుల్ని పొడుచుకు తింటాయని, చేలో గోరింకలు వాలితే రేకుడబ్బా మోగించి తోలేవాడు. నల్ల పెంకుపురుగు ఏదైనా మట్టిపురుగును పట్టి లాక్కుపోతుంటే, వంగి విడిపించేవాడు. అలా బతికించిన వాటన్నిటినీ ముంతలో మోసుకెళ్ళి, వాగు పక్క పచ్చికలో వదిలి, చేతులు జోడించి మరీ వచ్చేవాడు.

దారినపోయేవాళ్ళు ఆగి చూసేవారు. ఒకావిడైతే "ఎంత జాలిగుండె తండ్రీ నీది" అని కాళ్ళకు మొక్కింది. మొదట్లో ఆ ముంత విరూపాక్షం చంకలో ఉండేది. ఆ రోజునుంచి భుజమెక్కింది. అందరికీ కనబడాలి కదా!

చేను మాత్రం రోజురోజుకీ పలచబడుతోంది.

ఆ ఉదయం పోశవ్వ మఠానికి వచ్చింది. వాగు పక్క చేను ఆమెది. తెగిన మక్కమొక్కలు కొంగులో కట్టుకొచ్చి, భక్తులందరూ చూస్తుండగా సామి ముందు కుమ్మరించింది.

"సామీ, మీ శిష్యుడు కూడబెట్టిన పుణ్యం మీ మఠంలనే దాచుకోమను. తెచ్చి నా చేన్ల పోస్తుండు!"

"నీ చేన్ల ఎందుకు పోస్త పోశవ్వా?" అన్నాడు విరూపాక్షం తల ఎగరేసి. "పచ్చికల ఇడిసి వచ్చిన."

"ఇడిసినప్పుడు, గట్టు దాటొద్దని వాటికి చెప్పొచ్చినవా మరి?"

భక్తులు పక్కున నవ్వారు. విరూపాక్షం మొహం ఎర్రబడింది.

"ఒక్క ప్రాణం పోకుండ సేద్యం చేస్తున్న. ఈ చుట్టుపక్కల ఇంకెవలు చేసిన్రో చెప్పు!"

"ఎవలు చెయ్యలే అయ్యా, నిజమే. అందుకే అందరిండ్లల్ల ఇంత గట్క ఉన్నది."

ఈసారి మరింత గట్టిగా నవ్వారు. సామి నవ్వలేదు. కోప్పడనూ లేదు. ముంత అడిగి తీసుకుని లోపలికి తొంగి చూశాడు.

"మంచిగ మేపుతున్నవు," అన్నాడు. "ఎక్కడివి అక్కడ పెట్టి రా, పో."

మధ్యాహ్నం పంక్తిలో సామే వడ్డించాడు. గట్క, మజ్జిగ, నంజుకోవడానికి పచ్చిమిరపకాయ. పొద్దుటినుంచీ చేలో వంగి వంగి ఉన్న విరూపాక్షానికి కడుపు నకనకలాడుతోంది. ముద్ద చేసి నోటిదాకా తెచ్చాడు.

సామి వచ్చి మణికట్టు పట్టుకున్నాడు. ఆ ముద్దను రెండు వేళ్ళతో మెల్లగా తీసుకున్నాడు. విస్తరి కూడా ఎత్తేశాడు.

"అయ్యా?"

"పాపం బిడ్డా, మక్కలు! మన్నుల పడితే మొలిచేటియి. నీ నోట్లె పడబోయినయి. ఇడిపించిన."

ముద్ద మీద పచ్చి ఆకు కప్పి, విస్తరితో సహా దేవుడి గూట్లో పెట్టి, చేతులు జోడించాడు. ఆ పైన మిగతావాళ్ళ వైపు తిరిగి, "తినుండ్రి, తినుండ్రి" అంటూ మజ్జిగ పోస్తూ సాగిపోయాడు.

పొద్దుగూకాక పెట్టిన ముద్దకూ అదే గతి. మర్నాడు పొద్దున పోసిన అంబలికీ అదే గతి.

విరూపాక్షం అలిగి చేనికి పోయాడు. దయ చూపినవాడికి ఇదా బహుమానం? గట్టు మీద కూలబడ్డాడు. డబ్బా ఒళ్ళో ఉంది గానీ మోగించే ఓపిక లేదు.

అవతలి గట్టున గడ్డి కోసుకుంటున్న పోశవ్వ కేకేసింది. "ఏందయ్యా, ఇయ్యాల డబ్బా చప్పుడు లేదు?"

"చాతనైతలేదు."

"మీ ముసలాయనకు గూడ చాతనైతలేదట. నిన్నటి సంది ఆయన నోట్లె మెతుకు పోలే. నీకు ఎరుకలేదా?"

విరూపాక్షం తల దించుకున్నాడు.

డబ్బా మోగకపోయేసరికి ఒక గోరింక వాలింది. అతని వైపు ఒకసారి అనుమానంగా చూసింది. రెండడుగులు వేసి, మన్నులో ముక్కు గుచ్చి, పురుగును లాగింది. ఎగిరి గట్టు మీది తాటిమోడు తొర్ర దగ్గర వాలింది. తొర్రలోంచి పిల్లల అరుపులు. ఒకటే అరుపులు. రెండు అంగలు వేస్తే అందేంత దూరంలో ఆ మోడు. ఇన్నాళ్ళూ ఆ అరుపులు అతనికి వినబడలేదు. డబ్బా మోతలో ఏం వినబడుతుంది?

పాదం పక్కనే నల్ల పెంకుపురుగు ఒకటి, తనకంటే పెద్ద మట్టిపురుగును కరచుకుని వెనక్కి వెనక్కి లాక్కుపోతోంది. అలవాటు కొద్దీ చెయ్యి దాని మీదికి వెళ్ళింది. మధ్యలో ఆగిపోయింది.

విరూపాక్షం కాలు పక్కకు తీసి దానికి దారిచ్చాడు.

మఠానికి వచ్చేసరికి సామి అరుగు మీద కూర్చుని ఉన్నాడు. పెదాలు ఎండి ఉన్నాయి.

"అయ్యా, ఆకలైతుంది."

"ఎవలికి?"

విరూపాక్షం వెనక్కి తిరిగి చేను వైపు చూశాడు.

"అందరికి," అన్నాడు.

సామి లేచి లోపలికి వెళ్ళాడు. గట్క తెచ్చాడు. గురువూ శిష్యుడూ ఒకే విస్తరిలో తిన్నారు.

తర్వాత విరూపాక్షం ఊరికే కూర్చోలేదు. ఖాళీ పడ్డ చోట్ల మళ్ళీ విత్తనం పెట్టాడు. ఊళ్ళో అడిగి తెచ్చిన ఎడ్లను కట్టి సాళ్ళ మధ్య గుంటుక తోలాడు. మన్ను తిరగబడేకొద్దీ దాగిన పురుగులు పైకి తేలేవి, గుంటుక వెంట గోరింకలూ తెల్లకొంగలూ పెళ్ళి ఊరేగింపులా నడిచేవి. పెంకుపురుగులు తలదాచుకునే గట్టు గడ్డిని ఎవరినీ కోయనివ్వలేదు. పోశవ్వ "నా బర్రెకు కొంచెమన్నా ఇయ్యరాదు?" అంటే, "అది ఇల్లు పోశవ్వా, గడ్డి కాదు" అనేవాడు. ఆమె గొణుక్కుంటూ పోయి, తన గట్టు మీద కూడా కోయడం మానేసింది.

పంట వచ్చింది. చెయ్యెత్తు మనిషి లోపల నిలబడితే కనబడనంత ఏపుగా వచ్చింది. పున్నమినాడు గుండిగలు పొయ్యిలెక్కాయి. వచ్చినవాళ్ళంతా కడుపునిండా తిన్నారు. చెయ్యి కడుక్కుంటూ పట్నం భక్తుడొకాయన ఆశ్చర్యపోయాడు.

"చిటికెడు మందు చల్లకుండ ఇంత పంటనా! ఎవలయ్యా చేనికి కావలి ఉన్నది?"

విరూపాక్షం ఛాతీ పొంగింది. ముంత భుజాన మోసిన రోజుల్లో కూడా అంత పొంగలేదు.

"మావోళ్ళు!" అన్నాడు. కోసిన చేలో, మొదళ్ళ మధ్య ఠీవిగా నడుస్తున్న గోరింకల్ని చూపించాడు. "అగో, ఆ పసుపు కాళ్ళామె ఉన్నది చూడుండ్రి, ఆమె పనితనం చూడాలె మీరు. ఇంకా మన్నుల తిరిగెటోళ్ళున్నరు, నల్లటోళ్ళు. వాళ్ళు అందరికి కనబడరు." చెబుతూ చెబుతూనే, ఎవరో పిలిచినట్టు చేలోకి దిగిపోయాడు. ఒక గట్టు దగ్గర మోకాళ్ళ మీద వంగి, గడ్డి మొదట్లోకి చూస్తూ ఉండిపోయాడు.

పట్నం భక్తుడు సామి దగ్గరికి వచ్చాడు. "పున్నమినాడు ఈయనకు దీక్ష అని విన్నం సామీ. పొద్దు వంగుతుంది. పిలువమంటరా?"

సామి చేను వైపు చూశాడు.

"వద్దు," అన్నాడు నెమ్మదిగా. "దీక్షలనే ఉన్నడు."